సూర్యాపేట దాటాక ఫోన్ చేస్తాం

సంక్రాంతి ఇంకో వారం ఉందనగా హైటెక్ సిటీలో ఏ ఆఫీసు క్యాంటీన్‌లో టీ కప్పు పట్టుకుని నిలబడినా ఒకటే ప్రశ్న వినిపిస్తుంది: "ఎప్పుడు బయల్దేరుతున్నారు?" ఎక్కడికి అని ఎవరూ అడగరు. భోగి ముందు రోజు రాత్రి అంటాడొకాయన. తెల్లవారుజామున మూడింటికి అంటుందొకావిడ. అందరూ మూడింటికే బయల్దేరతారు కాబట్టి నేను మిట్టమధ్యాహ్నం కదుల్తాను అంటాడు ఇంకో తెలివైనాయన. ఈ మూడో ఆయన్ని నమ్మకండి. ఆయనా పంతంగి టోల్ గేటు దగ్గర మన పక్క వరసలోనే కనిపిస్తాడు.

ఈ ప్రయాణానికి మొదటి అడ్డం హైవే మీద రాదు, అమెరికా నుంచి వస్తుంది. డిసెంబరు చివర్లో అక్కడ సెలవులు. ఆ పది పదిహేను రోజులు సాఫ్ట్‌వేర్‌లో ఏ మార్పూ చేయొద్దని ఆపేస్తారు. ఫ్రీజ్ అంటారు దాన్ని. జనవరి మొదట్లో అది ఎత్తేయగానే, అప్పటిదాకా ఆగిన పనులన్నీ ఒక్కసారి మీద పడతాయి, సరిగ్గా మన భోగి మంటల వేళకి. అందుకని ప్రతి టీములోనూ సెలవు ఎవరికి, ఆన్‌కాల్ ఎవరికి అని ఒక పంచాయితీ జరుగుతుంది. కొత్తగా పెళ్లయినవాళ్లదే మొదటి హక్కు. కొత్త అల్లుడు తొలి పండక్కి అత్తారింటికి వెళ్లకపోతే వచ్చే గొడవని ఏ మేనేజరూ నెత్తిన వేసుకోడు. మిగతావాళ్లు లాప్‌టాప్ సంచీలో పెట్టుకుని వెళ్తారు. తెల్లవారుజామున డాబా మీద నిలబడి, సిగ్నల్ వెతుక్కుని, మ్యూట్ తీసి మాట్లాడబోయేసరికి పెరట్లో పుంజు కూస్తుంది. అవతల ఒహాయోలో ఉన్న పెద్దమనిషి అదేం చప్పుడని అడుగుతాడు. పందెం కోడి అని చెప్పగలమా? అలారం అని చెప్పి ఊరుకుంటాం.

సైబర్ టవర్స్‌ని అప్పటి ప్రధాని వాజపేయి ప్రారంభించింది 1998 నవంబరు 22న. ఆ రోజుల్లో చేతిలో పట్టా, ఒక సూట్‌కేసుతో దిగి, అమీర్‌పేటలో కోర్సు చేసి, హాస్టల్లో మంచం అద్దెకు తీసుకున్న కుర్రాళ్లకి ఇప్పుడు యాభై దగ్గర పడుతోంది. వాళ్ల బతుకు ఎలా ఎదిగిందో తెలుసుకోవాలంటే జీతం అడగక్కర్లేదు, పండక్కి ఎలా వెళ్తున్నారో అడిగితే చాలు. మొదట ఆర్టీసీ బస్సు. తర్వాత రైల్లో స్లీపరు. పెళ్లయ్యాక ఏసీ బోగీ. పిల్లలు పుట్టాక కారు. ఇప్పుడు పెద్ద కారు, వెనక సీట్లో ఎత్తెదిగిన పిల్లలు, ముందు సీట్లో మోకాళ్ల నొప్పుల అమ్మ.

కారే ఎందుకంటే రైలు టికెట్టు దొరకదు కనుక. రైళ్లు లేవని కాదు. కాకినాడ వెళ్లే గౌతమి ఇప్పుడు లింగంపల్లి నుంచే బయల్దేరుతుంది, అంటే ఐటీ కారిడార్ గుమ్మంలోంచే. సికింద్రాబాద్ నుంచి విశాఖకు వందే భారత్ 2023 జనవరి 15న, సంక్రాంతి నాడే, మొదలైంది. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ తెరిచారు. రిజర్వేషన్ గడువు 120 రోజులు ఉండేది, 2024 నవంబరు 1 నుంచి 60 రోజులు చేశారు. ఏం చేసినా పండగ రైళ్ల సంగతి ఒకటే. రెండు నెలల ముందు పొద్దున్నే ఎనిమిది గంటలకి బుకింగ్ తెరుచుకుంటుంది. ప్రపంచంలో సగం బ్యాంకుల సర్వర్లు నడిపించే మా వాడు, వేలు మౌసు మీద పెట్టుకుని కూర్చున్నవాడు, కాసేపటికి వెయిటింగ్ లిస్టులో తన నంబరు చూసుకుని కారు సర్వీసింగుకి ఫోన్ చేస్తాడు.

ఐటీ కారిడార్ ఉన్నది నగరానికి పడమటి కొసన. కోస్తాకి వెళ్లే దారి మొదలయ్యేది తూర్పు కొసన. ఔటర్ రింగ్ రోడ్డు లేని రోజుల్లో మాదాపూర్‌లో బయల్దేరినవాడు మెహదీపట్నం, మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ అన్నీ దాటుకుని ఎల్బీ నగర్ చేరేసరికే పిల్లలు "వచ్చేశామా" అని అడిగేవాళ్లు. 2008 నవంబరులో గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా ఔటర్ మొదటి ముక్క తెరిచారు. తర్వాత అది పెద్ద అంబర్‌పేట దాకా సాగింది. మొత్తం చుట్టూ తిరిగితే 158 కిలోమీటర్లు. మన పండగ ప్రయాణికుడికి అంత అక్కర్లేదు. నానక్‌రామ్‌గూడ దగ్గర 19వ నంబరు ఎగ్జిట్‌లో ఎక్కి, నగరానికి దక్షిణంగా చుట్టుకుని, పెద్ద అంబర్‌పేట దగ్గర 11వ నంబరులో దిగుతాడు. ఆ అరవై కిలోమీటర్లు గాలిలో తేలినంత హాయి. ప్రయాణం మొత్తంలో అనుకున్న టైముకి నడిచే ముక్క అదొక్కటే.

దిగేచోటుకి కాస్త వెనక, పాత రోడ్డు మీద హయత్‌నగర్ ఉంది. మహమ్మద్ కులీ కుతుబ్ షా కూతురు, అబ్దుల్లా కుతుబ్ షా తల్లి అయిన హయత్ బక్షీ బేగం పేరు మీద వెలిసిన ఊరది. అక్కడి పాత మసీదు చుట్టూ బాటసారులు దిగడానికి వరసగా సరాయి గదులు కట్టించారు. ఎందుకంటే గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకి వెళ్లే బాట అదే. వజ్రాలు, అద్దకం బట్టలు ఆ దారినే సముద్రానికి వెళ్లేవి. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే 17వ శతాబ్దంలో ఆ బాట మీద ప్రయాణం చేసి, మజిలీలన్నీ పేరు పేరునా రాసిపెట్టాడు. పూర్వం 9 అనీ, ఇప్పుడు 65 అనీ పిలిచే జాతీయ రహదారి పుణెలో మొదలై నేటికీ మచిలీపట్నంలోనే ముగుస్తుంది. గోల్కొండ కోట గోడ నుంచి నేటి గచ్చిబౌలి మేడలు కంటికి ఆనతాయి కాబట్టి, మనం వెళ్తున్నది వజ్రాల బండ్లు వెళ్లిన దారినే అని కాస్త గర్వంగా చెప్పుకోవచ్చు. తేడా ఒక్కటే. ఆ బండ్లు హయత్‌నగర్‌లో ఆగేవి. ఎద్దులకి నీళ్లు కావాలి, మనుషులకి నిద్ర కావాలి. ఆగుతూ వెళ్లడమే వాళ్లకి ప్రయాణం.

ఈ ఆగడం గురించే నేను ఇవాళ మాట్లాడదలుచుకున్నాను. పంతంగిలో ఆగడం గురించి మాత్రం కాదు. అది నాకంటే టీవీవాళ్లు బాగా చూపిస్తారు, పైనుంచి డ్రోన్ పెట్టి మరీ. అయినా రెండు మాటలు. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు: ఈ మూడు టోల్ గేట్ల పేర్లు సైబరాబాద్ పిల్లలకి మేనమామల పేర్లకన్నా బాగా నోటికి వచ్చు. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి చేశారు. 2025 ఆగస్టు 15 నుంచి మూడు వేల రూపాయలు కడితే సొంత కార్లకి ఏడాదికి 200 సార్లు జాతీయ రహదారుల గేట్లు దాటే పాసు కూడా వచ్చింది. చిల్లర గొడవ పోయింది, వరస పోలేదు. పండగ ముందు రోజుల్లో విజయవాడ వైపు ఎక్కువ గేట్లు తెరుస్తారు, పండగ వెళ్లాక హైదరాబాద్ వైపు. ఇండొనేషియాలో రంజాన్ పండక్కి జావా దీవి జనమంతా ఊళ్లకి కదిలినప్పుడు టోల్ రోడ్డు రెండు వైపులనీ కొన్ని గంటలపాటు ఒకే దిక్కుకి వదిలేస్తారట. చైనాలో కొత్త సంవత్సరం ప్రయాణాల కాలమే నలభై రోజులు లెక్క కడతారు. మనకి అంత వ్యవధి ఇచ్చే మేనేజరు ఎక్కడ దొరుకుతాడు? మూడు రోజుల పండక్కి అందరమూ ఒకే రాత్రి బయల్దేరాల్సిందే.

ఇప్పుడు ఆగడం సంగతికి వద్దాం.

మాది కోనసీమ. సూర్యాపేటలో మా బాబాయి ఉన్నాడు. బ్యాంకు ఉద్యోగం చేస్తూ బదిలీ మీద వచ్చి, ఊరు నచ్చి, అక్కడే ఇల్లు కట్టుకుని రిటైరయ్యాడు. నందిగామలో పెద్దమ్మ ఉంది. తాడేపల్లిగూడెంలో మేనత్త ఉంది. కోదాడలో మా అమ్మ పిన్నికూతురు ఉంది. అంటే ఈ రహదారి మా ఇంటి పెళ్లి పిలుపుల జాబితా. మా ఒక్కరికే కాదు, కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ దాదాపు ప్రతి కుటుంబానికీ ఈ దారి పొడుగునా ఇలా ఒకరిద్దరు ఉంటారు. ఉద్యోగానికి వచ్చినవాళ్లు, కోడలిగా వెళ్లినవాళ్లు, మిర్చి వ్యాపారమో సిమెంటు ఫ్యాక్టరీ పనో చూసుకుని అక్కడే ఉండిపోయినవాళ్లు.

ఇది రెండు వరసల రోడ్డుగా ఉన్నప్పుడు ఊళ్ల నడిబొడ్డులోంచి వెళ్లేది. ఆర్టీసీ బస్సు సూర్యాపేట స్టాండులో పది నిమిషాలు ఆగేది. ఆ పది నిమిషాల కోసం మా బాబాయి గంట ముందే వచ్చి నిలబడేవాడు. సెల్‌ఫోన్లు అందరి చేతుల్లోకీ రాకముందు సంగతి ఇది. ఏ బస్సో తెలియదు, వచ్చిన బస్సు వచ్చినట్టు ఎక్కి సీట్లన్నీ చూసి దిగేవాడు. మేం కనపడగానే కిటికీలోంచి టిఫిన్ క్యారియరు అందించేవాడు. పులిహోర, పెరుగన్నం, కింది గిన్నెలో గారెలు. క్యారియరు తిరిగి ఎలా పంపాలి అని అమ్మ కంగారు. తిరుగు ప్రయాణంలో ఇద్దువుగాని వదినా అని ఆయన. కండక్టరు విజిలు వేసేవాడు. కాబట్టి తిరిగి వచ్చేటప్పుడూ సూర్యాపేట స్టాండులో బాబాయిని కలవక తప్పేది కాదు, ఖాళీ క్యారియరు ఇవ్వాలి మరి. ఖాళీగా ఇవ్వకూడదు కనుక అందులో మా ఊరి జంతికలు.

తర్వాత రోడ్డు నాలుగు వరసలైంది. 2012 చివర్లో టోల్ వసూలు మొదలైంది. మంచి రోడ్డు, కాదనను. పాత రోడ్డు మీద ఎదురుగా వచ్చే లారీ లైట్లు చూస్తూ స్టీరింగు పట్టుకున్న రాత్రులు గుర్తున్నవాళ్లెవరూ కాదనరు. కానీ కొత్త రోడ్డు సూర్యాపేటని పక్కన పెట్టింది, కోదాడని పక్కన పెట్టింది, నందిగామని పక్కన పెట్టింది. విజయవాడ దాటి పదహారో నంబరు రోడ్డు ఎక్కాక ఏలూరునీ, తాడేపల్లిగూడెంనీ పక్కన పెట్టింది. 2020 అక్టోబరులో కనకదుర్గ ఫ్లైఓవర్ తెరిచాక బెజవాడలో అమ్మవారి కొండ కింద ఆగే పని కూడా లేదు. ఇప్పుడు బాబాయి ఇల్లు ఒక పచ్చబోర్డు మీద ఎడమవైపు బాణం గుర్తు. ఎనభై కిలోమీటర్ల వేగంలో ఆ బాణం చూసి, అవునూ ఒకసారి వెళ్లాలి అనుకునే లోపల ఫ్లైఓవర్ ఎక్కేసి ఉంటాం.

అప్పుడు ఫోన్ చేస్తాం. "బాబాయ్, ఊరెళ్తున్నాం. ఇప్పుడే సూర్యాపేట దాటాం." ఎప్పుడూ దాటాకే చేస్తాం. దాటకముందు చేస్తే రమ్మంటారు కదా!

ఇది మా ఇంటి దుర్మార్గం మాత్రమేనా? ఆఫీసులో నలుగురిని అడిగి చూశాను. ఎవరికి వాళ్లకి ఒక సూర్యాపేట ఉంది. ఒకాయనకి నకిరేకల్, ఒకామెకి జగ్గయ్యపేట, ఇంకొకరికి తణుకు. అందరూ దాటాకే ఫోన్ చేస్తారు. ఎందుకు ఆగరయ్యా అంటే వచ్చే మొదటి జవాబు టైము లేదని. అది నిజం కాదు. అదే మనిషి హైవే పక్క హోటల్లో దోశ కోసం టోకెన్ పట్టుకుని, టేబుల్ ఖాళీ అయ్యేదాకా ఎవరో తినేవాళ్ల వెనక నిలబడి ముప్పావుగంట గడుపుతాడు. అసలు కారణాలు వేరు. ఒకటి, చుట్టాలింట్లో పావుగంట అనేది లేదు. కాఫీ అంటే టిఫిను, టిఫిను అంటే "ఇంతలో అన్నం అయిపోతుంది", అన్నం అయ్యాక ఆడవాళ్లకి బొట్టు పెట్టి జాకెట్టు గుడ్డ ఇవ్వాలి, ఆ గుడ్డ ఏ బీరువాలో ఉందో వెతకాలి. రెండు, ఒకరింట్లో ఆగితే ఇంకొకరింట్లో ఎందుకు ఆగలేదని జవాబు చెప్పుకోవాలి. నందిగామ పెద్దమ్మ ఇంట్లో కాఫీ తాగిన సంగతి, మనం రావులపాలెం వంతెన ఎక్కేలోపల తాడేపల్లిగూడెం మేనత్తకి తెలిసిపోతుంది. ఎవరింట్లోనూ ఆగకపోతే అందరూ సమానమే కదా అన్న న్యాయం ఒకటి మనవాళ్లు కనిపెట్టారు. మూడు, ఎవరూ పైకి చెప్పనిది: ఫోనులో మ్యాపు. చేరే సమయం 10:42 అని చూపిస్తుంది. ఏ పందెం లేకుండానే ఆ అంకెతో పందెం కడతాం. 10:38 అయితే ఏదో గెలిచినట్టు ఉంటుంది. ఆ నాలుగు నిమిషాలు ఊళ్లో ఏం చేశామో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

మా అమ్మకి మ్యాపు అక్కర్లేదు. ముందు సీట్లో కూర్చుని చిట్యాల నుంచి మొదలుపెడుతుంది. ఇక్కడ మీ తాతయ్య మేనత్త కూతుర్ని ఇచ్చారు. అదుగో ఆ సిమెంటు ఫ్యాక్టరీలో మీ మావయ్య మొదటి ఉద్యోగం, రాళ్ల దుమ్ము పడక మానేశాడు. కంచికచర్లలో మీ నాన్నకి సంబంధం చూశారు, కుదరలేదు, మంచిదైంది. వెనక సీట్లో మనవలు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఉంటారు. అయినా చెప్తుంది. ఒకసారి మా పెద్దది ఒక చెవిది తీసి, "వీళ్లంతా ఇప్పుడూ ఇక్కడే ఉన్నారా నానమ్మా?" అని అడిగింది. ఉన్నారమ్మా అంది అమ్మ. మరి మనం హోటల్లో ఎందుకు తిన్నాం అంది పిల్ల. కారు నడుపుతున్న నేను రోడ్డు మీద చాలా శ్రద్ధ పెట్టాను.

ఈ దారి ఎప్పుడూ ఇంత సాఫీగా ఉంటుందన్న నమ్మకం కూడా లేదు. 2014 జూన్ 2 తర్వాత కోదాడ దగ్గరి రామాపురం క్రాస్ రోడ్డుకీ, పాలేరు అవతలి గరికపాడుకీ మధ్య రెండు రాష్ట్రాల సరిహద్దు పడింది. చాలాకాలం అది బోర్డు మీద మాటే. 2020 మార్చి 25, ఉగాది నాడు అది నిజమైంది. లాక్‌డౌన్ మొదలై, హైదరాబాద్‌లో హాస్టళ్లు ఖాళీ చేయమన్నారు. పోలీసుల దగ్గర పాసులు తీసుకుని బైకుల మీదా కార్లలోనూ బయల్దేరిన కుర్రాళ్లు, ఆడపిల్లలు గరికపాడు చెక్‌పోస్టు దగ్గర వందల మంది నిలిచిపోయారు. అటు రానివ్వరు, ఇటు హాస్టలు లేదు. ప్రభుత్వాలు మాట్లాడుకుని, చేరినవాళ్లని క్వారంటైన్ షరతు మీద వదిలేదాకా రోడ్డు మీదే ఉన్నారు. అప్పుడు వాళ్లలో ఎంతమంది ఫోనులో పేర్లు వెతుక్కుని ఉంటారో ఊహించండి. కోదాడలో ఎవరున్నారు, జగ్గయ్యపేటలో ఎవరున్నారు అని.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. మున్నేరు పొంగి, నందిగామ దగ్గర ఐతవరం వద్ద జాతీయ రహదారి మీదికి నీళ్లు వచ్చాయి. రాకపోకలు ఆగిపోయాయి. ఇటు పాలేరు కూడా పొంగింది. మా అపార్ట్‌మెంటులో ఒక కుటుంబం ఆ రోజు సూర్యాపేట దాకా వెళ్లి చిక్కుకుపోయింది. హోటళ్లు నిండిపోయాయి. ఎప్పుడో పెళ్లిలో చూసిన తోడల్లుడి అన్నగారి ఇల్లు అక్కడ ఉందని ఆ ఇంటావిడకి గుర్తొచ్చింది. ఫోన్ నంబరు లేదు. నంబరు కోసం నాలుగు ఫోన్లు చేస్తే దొరికింది. రాత్రి ఉండి, తెల్లారి వెనక్కి వచ్చారు. ఇప్పుడు ఆ రెండిళ్లకీ రాకపోకలు మొదలయ్యాయి, వాళ్ల అబ్బాయి ఇక్కడ కొండాపూర్‌లో వీళ్లింట్లో దిగి ఇంటర్వ్యూలకి వెళ్తున్నాడు.

ఇంతసేపూ కోస్తా వైపు మాటే మాట్లాడాను. ఐటీ కారిడార్ అంతా తూర్పుకే వెళ్లదు. ఘట్‌కేసర్ ఎగ్జిట్‌లో దిగి వరంగల్ వెళ్లేవాళ్లు, శామీర్‌పేటలో దిగి రాజీవ్ రహదారి మీద సిద్దిపేట, కరీంనగర్ వెళ్లేవాళ్లు, బొంగ్లూరులో దిగి నాగార్జున సాగర్ దారి పట్టేవాళ్లు ఉన్నారు. వాళ్ల పెద్ద ప్రయాణం బతుకమ్మకి, దసరాకి. దూరం తక్కువ కాబట్టి వాళ్లు మధ్యలో ఆగే అవసరమూ తక్కువ. పొద్దున వెళ్లి అలాయ్ బలాయ్ చేసుకుని, జమ్మి పెట్టి రాత్రికి వచ్చేవాళ్లూ ఉన్నారు. ఇక అసలు మాదాపూర్, కొండాపూర్, నానక్‌రామ్‌గూడ ఊళ్లవాళ్లు, అంటే ఈ అద్దాల మేడలు రాకముందు నుంచి ఇక్కడున్నవాళ్లు, వాళ్లకి సంక్రాంతి అంటే మేమంతా వెళ్లిపోవడమే. మూడు రోజులు మా రోడ్లు మాకొస్తయి అంటాడు మా వీధిలో పాల డెయిరీ నడిపే పెద్దాయన, చాలా సంతోషంగా.

మేం వెళ్తూ వెళ్తూ తాళాలు ఎవరికి అప్పజెప్తాం? గేటు దగ్గర కాపలా ఉండే అతనికి. ఊరెళ్లేవాళ్లు స్థానిక స్టేషన్లో చెప్పి వెళ్లమని సైబరాబాద్ పోలీసులు ఏటా ప్రకటన ఇస్తారు, ఎక్కువమంది వినరు. కాపలా అతనికి చెప్పి, చేతిలో నోటు పెట్టి కారెక్కుతారు. ఆ కాపలా అతనిది ఒడిశానో, బీహారో, శ్రీకాకుళమో. ఆయనకి పండగ సెలవు ఉందా అని అడిగిన అపార్ట్‌మెంటు సంఘం నేను చూడలేదు. శ్రీకాకుళం అయితే మరీను. అందరి కార్లకీ గేటు తీసి, తన ఊరి వైపు వెళ్తున్న వాటికి చెయ్యి ఊపి నిలబడతాడు.

ఇంకో మార్పు నెమ్మదిగా వస్తోంది. ఇన్నాళ్లూ అమ్మానాన్నలు ఊళ్లో ఉండేవాళ్లు, పిల్లలు వెళ్లేవాళ్లు. ఇప్పుడు చాలామంది పెద్దవాళ్లు కొండాపూర్ ఫ్లాట్లలోకి వచ్చేశారు. ఊళ్లో ఇంటికి తాళం. అయినా పండక్కి వెళ్తూనే ఉన్నాం. వెళ్లిన రోజు బూజులు దులపడం, మోటారు పని చేయకపోతే మెకానిక్కు కోసం తిరగడం, మర్నాడు భోగి. కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. పదకొండు ఊళ్ల రుద్రులు అక్కడ కలుస్తారు, ప్రభల్ని భుజాల మీద మోసుకుని కౌశిక కాలవ దాటిస్తారు. 2023 గణతంత్ర దినోత్సవంలో ఢిల్లీలో నడిచిన ఆంధ్రప్రదేశ్ శకటం అదే. దేవుళ్లు కూడా ఏడాదికోసారి ఒకచోట కలుసుకుంటారని మా ఊళ్లో నమ్మకం. ఆ సమయానికి మనుషులం మాత్రం పూతరేకుల పెట్టెలూ, అరటి గెలలూ డిక్కీలో సర్దుకుంటూ, తిరుగు ప్రయాణానికి ట్రాఫిక్ ఎప్పుడు తక్కువ ఉంటుందో చూసుకుంటూ ఉంటాం. ఎదురుచూసే మనిషి ఇంట్లో లేకపోతే వెళ్లినచోట బంధుత్వం తగ్గుతుంది. మరి అది దారిలో దొరుకుతుందేమో చూడాలి కదా. నాకైతే ఇప్పుడు ఊరికంటే దారిలోనే చుట్టాలు ఎక్కువ.

దీనికి పరిష్కారం నేను కనిపెట్టలేదు. మా పక్క ఫ్లాటువాళ్ల విద్యుత్ కారు కనిపెట్టింది. పోయినేడు వాళ్లు దాంట్లో భీమవరం వెళ్లారు. కొండాపూర్ నుంచి ఔటర్ చుట్టుకుని వెళ్తే సూర్యాపేట దగ్గరికి బెజవాడ సగం దారి అవుతుంది, అక్కడ ఛార్జింగ్ పెట్టక తప్పదు. పండగ రోజులు కదా, ముందు నాలుగు కార్లు ఉన్నాయి. తమ వంతు వచ్చి, బ్యాటరీ నిండేసరికి రెండు గంటలు పడుతుందని తేలింది. రెండు గంటలు ఎండలో ఏం చేస్తారు? పక్క ఫ్లాటాయన మేనకోడలు అక్కడే కాలేజీలో పాఠాలు చెప్తోంది. ఫోన్ చేశారు, ఆమె భర్త బైకు వేసుకుని వచ్చి పిల్లల్ని ముందు తీసుకెళ్లాడు. తిరిగి వచ్చేటప్పుడు వరస లేదు, అయినా అక్కడే ఛార్జింగ్ పెట్టారు. పెట్రోలు కారువాళ్లం ఆ కథ విని నవ్వుకున్నాం, కాస్త అసూయపడ్డాం కూడా. ఆగడానికి వాళ్లకి ఒక సాకు దొరికింది. "ఎందుకు వచ్చారు, ఎందుకు ఇంతలో వెళ్తున్నారు" అని ఎవరూ అడగరు. కారు నిండింది, వెళ్తున్నాం, అంతే.

నాకు తోచిన ఏర్పాటు ఒకటి చెప్తాను, మీకు నచ్చితే చూడండి. వెళ్లేటప్పుడు ఒకరింట్లో, వచ్చేటప్పుడు ఇంకొకరింట్లో. వచ్చే ఏడాది వంతు మారుతుంది. ఈ సంగతి అందరికీ ముందే చెప్పేస్తే కాఫీ తగువులు సగం తగ్గుతాయి. భోజనం వేళకి చేరకండి, వాళ్లింట్లోనూ అల్లుళ్లు దిగి ఉంటారు. పొద్దున ఏడింటికి చేరితే అందరికీ సుఖం. బట్టలు పెట్టే పని పెట్టుకోవద్దని మీరే ముందు అనేయండి, వాళ్లూ ఊపిరి పీల్చుకుంటారు. పిల్లల్ని కారులో కూర్చోబెట్టి మీరొక్కరే లోపలికి వెళ్లి రావడం మాత్రం చేయకండి. దానికన్నా దాటాక ఫోన్ చేయడమే నయం.

ఈ సంక్రాంతికి మేం సూర్యాపేటలో ఆగుతున్నాం. నిన్న బాబాయికి ఫోన్ చేసి, ఎడమవైపు బాణం గుర్తు దగ్గర దిగి మీ ఇంటికి ఎలా రావాలో చెప్పమన్నాను. ఆయన కాసేపు ఏమీ అర్థం కానట్టు, "బండి ఏమైనా చెడిందా నాన్నా?" అన్నాడు. లేదు బాబాయ్, ఊరికే వస్తున్నాం, టిఫిన్ చేసి వెళ్లిపోతాం, భోజనం వద్దు అన్నాను. సరే సరే అన్నాడు. ఈలోపు పిన్ని ఫోన్ లాక్కుని, అక్కయ్యగారు కూడా వస్తున్నారా, పిల్లలు కారం తింటారా, మొత్తం ఎంతమంది అని అడగడం మొదలుపెట్టింది. పంతంగి దాటాక ఫోన్ చేస్తాం అని చెప్పాను.